బిడ్డలతో ద్వీపాంతర యాత్ర

ద్వీపాంతరము అను మాట మన తాతముత్తాతల చెవికి శిక్షగానే వినబడెడిది. న్యాయాధిపతి ద్వీపాంతరవాసమని తీర్పు చెప్పినచో ఇంటివారు బ్రదికియున్న మనుష్యునికే నువ్వులు నీళ్లు వదలుకొనెడివారు. నేడు ఆ మాటయే వేసవి సెలవుల ముచ్చటగా మారినది. విశాఖపట్టణము జిల్లాలో నుండి 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చీడికాడ వంటి గ్రామములలో సైతము, కొడుకో కూతురో పట్టణమున ఉద్యోగము చేయుచున్న యిండ్లలో, ఈ యేడు పిల్లలను ఏ దేశమునకు తీసికొని పోవుదము అను ప్రశ్న పుట్టుచున్నది. తిరుపతి ప్రయాణమునకే యేండ్ల తరబడి ముడుపు కట్టిన కుటుంబములకు ఇది చిన్న మార్పు కాదు. మార్పును జూచి మేము నొచ్చుకొనుట లేదు; సంతోషించుచున్నాము. అయితే ఎంత వ్యయమగును, ఎన్ని దినములు పట్టును అని లెక్కించినంత శ్రద్ధగా, ఎందులకు పోవుదము, పోయి పిల్లలకేమి చెప్పుదము అని మనవారు ఆలోచించుట కానరాదు. సముద్రస్నానము చేసి, చిత్రములు తీయించుకొని తిరిగివచ్చుటకైనచో భీమునిపట్టణపు ఒడ్డే చాలును.

చరిత్ర గల దీవిని పిల్లలకు చూపవలెనని కోరువారికి, అందును మన చోడవరపు ప్రాంతము వారికి, మేము మొదట చెప్పునది మారిషస్ దీవి. కారణము చెఱకు.

మనది చెఱకు సీమ. అనకాపల్లి బెల్లపు మార్కెట్టు దేశమంతట పేరుగన్నది. అక్కడి చెఱకు పరిశోధన 1913 నాటి నుండి వచ్చుచున్నది. గోవాడలో రైతులు సహకార పద్ధతిపై చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొనిరి. చీడికాడ పిల్లవానికి చెఱకు గడను మోకాటికి ఆనించి యెట్లు విరువవలెనో, పెనములో మరగు పాకపు వాసన యెట్లుండునో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ చెఱకే మన తీరపు వారిని సముద్రము దాటించినదని మాత్రము వానికి ఎవరును చెప్పరు.

ఆ కథ సంగ్రహముగా ఇది. మారిషస్‌లో డచ్చివారు 1638 నుండి 1710 వరకును, తరువాత ఫ్రెంచివారును, 1810 నుండి ఇంగ్లీషువారును ఏలిరి. చెఱకు తోటలలో పని యంతయు ఆఫ్రికా నుండియు మడగాస్కరు నుండియు తెచ్చిన బానిసలది. 1835 ఫిబ్రవరి 1వ తేదీన బానిసత్వము అక్కడ రద్దాయెను. తోటల యజమానులు అంతకు ముందే వేరు చేతుల కొరకు వెదుక నారంభించిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు అను ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ రేవు చేరెను. అది మొదలు 1920 వరకు ఇంచుమించు అయిదు లక్షల మంది ఒప్పందపు కూలీలు ఆ దీవిపై దిగిరి. వారిలో తెలుగువారు గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల వారు. గోదావరి పాయ మీది కోరంగి రేవు నాడు పెద్ద ఓడరేవు. 1843లో కోరింగా ప్యాకెట్ అను ఓడ తమ పెద్దలను తెచ్చినదని మారిషస్ తెలుగువారు నేటికిని చెప్పుకొందురు. ఆ రేవు పేరే వారికి జాతినామమై, కోరంగీలని పిలువబడిరి.

ఒప్పందము అయిదేండ్లకు. నెలకు అయిదు రూపాయల కూలి, బియ్యము, పప్పు, ఉప్పు. ఒకనాడు పనికి రానిచో రెండు నాళ్ల కూలి కోసివేయు పద్ధతి యుండెను. ఒప్పందము తీరినవాడును స్వేచ్ఛగా తిరుగరాదు. 1867 నాటి చట్టము చేత ప్రతివాడును తన ఛాయాచిత్రము అతికించిన చీటిని వెంట నుంచుకొనవలసి వచ్చెను, లేనిచో చెఱసాల. ఈ అన్యాయములపై 1871లో ఆడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తోటదారు తానే పూనుకొని కూలీల పక్షమున విన్నపము పంపగా, మరుసటి యేడు విచారణ సంఘము వచ్చినది. ఇంతమంది ఏల పోయిరి అని పిల్లవాడు అడుగును. 1833 నాటి డొక్కల కరవు, గంజామును మ్రింగిన 1866 నాటి కరవు, 1876 మొదలు రెండేండ్లు చెన్నపట్టణపు రాజధాని నంతను ఎండించిన కరవు, వీనికి తోడు అక్కడ బంగారము పండునని చెప్పిన దళారుల నాలుక. ఇంతకంటె పెద్ద కారణములు వెదుకనక్కరలేదు.

ఇచట ఒక మాట. సముద్రయానము నిషిద్ధమని మన యిండ్లలో ఎంత రభస జరిగినదో పెద్దలెరుగుదురు. బౌధాయనుడు సముద్రయానమును పాతకములలో చేర్చెను. ఆ బౌధాయనుడే ఓడ ప్రయాణము ఉత్తరదేశమువారి ఆచారములలో ఒకటియని వ్రాసెను. కలియుగమున వర్జ్యమని తరువాతి వారు బిగించిరి. చదువుకై 1888లో ఇంగ్లండు పోవుచున్న గాంధీని ఆయన కులమువారు వెలివేసిరి. ఓడ యెక్కి వచ్చిన పట్టభద్రునికి పంక్తిలో చోటియ్యవచ్చునా, పంచగవ్యము చాలునా అని సభలు చేసి, పత్రికలలో వాదములు నడపిరి. సంస్కర్తలు ఆ వాదమున గెలిచిరి, మంచిదే. కాని 1834 నుండి లక్షలకొలది మంది కూలీలు ఆ సముద్రమునే దాటుచుండగా ఏ సభయు కూడలేదు. వారికి ప్రాయశ్చిత్తము కావలెనా యని ఏ పండితుడును అడుగలేదు, వారు తిరిగి రావలెనా యని ఏ సంస్కర్తయు మొదట అడుగలేదు. నిషేధమైనను, నిషేధముపై పోరాటమైనను ఆస్తి గలవాని గూర్చియే సాగినది. లేనివాడు శాస్త్రమునకు అడ్డముగా పోయినను శాస్త్రమునకు కానరాలేదు. పిల్లలకు ఈ ముక్క తప్పక చెప్పవలెనని మా యభిప్రాయము. సంస్కరణ చరిత్రను మన పాఠ్యపుస్తకములు వీరగాథగా చెప్పుచున్నవి. అందులో నున్న ఈ ఖాళీ కూడ చరిత్రయే.

కుటుంబముతో కూడ దూరయాత్ర మనకు క్రొత్తది కాదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి కాశికి పోయి, జగన్నాథము మీదుగా మన తీరము వెంబడి తిరిగి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరిరి. వారి వెంట నూరుమంది దాక స్త్రీలును పరిజనమును ఉండిరి. దారిలో ఏ యూర ఏమి దొరకును, బాట యెట్లున్నది, ఏ కులమువారెట్లు బ్రదుకుచున్నారు, తీర్థమున పండాలు ఎట్లు పిండుదురు అని దినదినము వ్రాసి మిత్రునికి పంపిరి. అదియే 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చుపడినది. యాత్రికుని కన్ను ఎట్లుండవలెనో తెలియుటకు ఇంతకంటె మంచి తెలుగు పుస్తకము లేదు. వారు దేవుని చూడబోయిరి, కాని దారిలోని మనుష్యుని చూచుట మానలేదు. మన పిల్లలకు చెరియొక నోటుపుస్తకము కొనియిచ్చి, సాయంకాలమున నాలుగు పంక్తులైనను తెలుగున వ్రాయుమని చెప్పినచో, ఫోనులో తీసిన వేయి చిత్రములకంటె అది నిలుచును.

ఇక మమ్ము చాలకాలము వేధించిన ప్రశ్నకు వత్తుము. మారిషస్‌కు ఉత్తరమున గాబ్రియేల్ అను చిన్న దీవి కలదు. తెల్లని యిసుక, పచ్చని నీరు. ప్రయాణికులను పడవలపై అక్కడికి తీసికొనిపోయి, ఈత కొట్టించి, కాల్చిన చేపలతో భోజనము పెట్టి తీసికొనివత్తురు. పిల్లలకు అంతకంటె ఇష్టమైన చోటు ఉండదు. 1856లో కలకత్తా నుండి వచ్చిన రెండు ఓడలలో కలరా తగిలినదని అందలి కూలీలను పట్టణమునకు రానీయక ఆ దీవి మీదనే దింపిరి. సరియైన వసతి లేక వందలకొలది మంది అక్కడనే మరణించిరి. ఆ యిసుకలో మన బిడ్డలు ఇండ్లు కట్టుకొని ఆడుకొనవచ్చునా? ఆడుకొనుచుండగా ఆ సంగతి వారికి చెప్పవలెనా, దాచవలెనా?

ఒక పక్షమువారు, పసివాండ్రకు దుఃఖమేల, పెద్దయైన తరువాత వారే చదువుకొందురు, ఉన్న నాలుగు దినములు ఆడుకొననిండు అందురు. ఇందు ప్రేమ యున్నది, కాదనము. కాని మన యిండ్లలో పిల్లలను ఏ కథలతో పెంచితిమో వీరు మరచిరి. హరిశ్చంద్రుడు కాశీ వీధిలో భార్యను అమ్మెను. తల్లి కొంగు పట్టుకొని లోహితాస్యుడును ఆమెతో పోయెను. కాలకౌశికుని యింట ఊడిగము చేయుచు ఆ పసివాడు పాము కరచి చచ్చెను. ఇంతకంటె ఘోరమేమున్నది? ఊరి నాటకమున ఆ ఘట్టము వచ్చినపుడు తల్లుల ఒడిలోని పిల్లలు ఏడ్చిరి, మరునాడు లేచి గోలీలాడుకొనిరి. దుఃఖకథ పిల్లవానిని చెరుపదు. పెద్దలు ఏదియో దాచుచున్నారని తెలిసినపుడు వాడు చెడును. పురాణములోని లోహితాస్యుని గూర్చి చెప్పి, రెండు వందల యేండ్లు కాని చరిత్రలోని లోహితాస్యుల గూర్చి నోరు మూసికొనుటలో న్యాయము మాకు కానరాదు. మొదటివానికి దేవతలు ప్రాణము తిరిగి ఇచ్చిరని కథ ముగియును. రెండవవారి కథకు ఆ ముగింపు లేదు. బహుశః మన భయము అందుకేనేమో.

రెండవ పక్షమువారు ఇందుకు విరుద్ధముగా, మృత్యువు తాండవించిన చోట విహారమేమి, పోయినచో శ్రద్ధాంజలికే పోవలెను, లేనిచో పోనే రాదు అందురు. ఇది వినుటకు గంభీరముగా నున్నది. ఉత్తరాంధ్రమువారికి దీనికి సమాధానము తమ సంక్రాంతిలోనే కలదు. పండుగనాడు చనిపోయిన పెద్దల పేర క్రొత్తబట్టలు పెట్టి, వారికి ఇష్టమైన వంటకములు వడ్డించి, తల్లి కన్ను తుడుచుకొనుచునే అవే బట్టలు పిల్లలకు తొడుగును. అవే గారెలు అందరును తిందురు. దుఃఖము, సంతోషము ఒకే విస్తరిలో పెట్టుకొనుట మనకు తెలియును. గాబ్రియేల్ దీవిలో చచ్చిన కూలీ తల్లి తన బిడ్డ యిసుకలో ఆడుకొనవలెననియే కోరి యుండును గాని, రాబోవు తరముల బిడ్డలు మూతి ముడుచుకొని నిలువవలెనని కోరి యుండదు. ఆడుకొననిండు. భోజనమునకు ముందు, ఈ దీవిమీద ఇట్లు జరిగినది అని తండ్రియో తల్లియో చెప్పవలెను. ఆరేండ్ల పిల్లకు రెండు వాక్యములు చాలును. పండ్రెండేండ్ల వాడు తానే మరి నాలుగు ప్రశ్నలు వేయును. తెలియక ఆడుకొనుట పిల్లల తప్పు కాదు, తెలిసియు చెప్పకుండుట పెద్దలది.

ఆ ప్రశ్నలలో ఒకటి మిక్కిలి కష్టమైనది రాక తప్పదు. మన తాతలు ఎందుకు పోలేదు? ఇక్కడనే చాలమంది తండ్రులు తడబడుదురు. ఆ కూలీలందరును మన పూర్వులే అని కన్నీరు గార్చుట సులభము. నేడు నలుగురికి విమానపు చార్జీలు పెట్టుకొనగల కుటుంబములలో అనేకములు ఆనాడు పోనక్కరలేనివి. వారికి భూమి యున్నది, మిరాశీ యున్నది, లేక అప్పులిచ్చు పెట్టె యున్నది. పోయినవారిలో కొందరు ఆ పెట్టెకు అప్పుపడి పోయినవారే కావచ్చును. మనవారు దుర్మార్గులని బిడ్డకు నేర్పుమని మేము చెప్పుట లేదు. వారు ఒడ్డున నిలిచి చూచినవారు, కొందరు చూడనైన చూడనివారు అని చెప్పిన చాలును. ఇతరుల కష్టమును తన వంశకీర్తిగా చేసికొనుట కంటె, తన వంశమునకు ఆ కష్టములో పాలు లేదని ఒప్పుకొనుట పిల్లవానికి నిజాయితీని ఎక్కువగా నేర్పును.

అట్లే, దూరపు చెఱకు తోటల చరిత్ర విని చలించు మనస్సు దగ్గరి చెఱకు తోటకు చలింపకున్నచో అది వేడుక మాత్రమే. మన యొద్ద కోతలు, గానుగలు శీతకాలమున మొదలై వేసవి తొలి దినముల వరకు సాగును. మారిషస్‌కు పోదలచినవారు ఆ యేటి మాఘమాసముననే పిల్లలను తోటలోనికి తీసికొనిపోవలెను. చెఱకు ఆకు కోసిన చేయి ఎట్లుండునో, పాకము మరుగుచుండగా పెనము ముందు నిలుచువాడు ఎంత వేడి నోర్చునో, వాని కూలి యెంతయో, వాని బిడ్డ ఏ బడిలో ఏ తరగతి చదువుచున్నదో పేరుతో సహా తెలిసికొనవలెను. పదునాలుగేండ్ల లోపు పిల్లలచే కూలి చేయించుటను 2016 నాటి చట్టసవరణ నిషేధించినది. చదువు హక్కు 2010 నుండి అమలున నున్నది. మన పొలములో, మన పెరటిలో, మన వంటయింటిలో ఆ చట్టము నడచుచున్నదా? అంట్లు తోము పదేండ్ల బాలికను ఇంటికి కాపలా పెట్టి, కూలీల చరిత్ర చూపుటకు మన బాలికను విమాన మెక్కించు గృహము ఒక్కటియైన యున్నచో, ఆ టిక్కెట్ల పైకముతో ముందు ఆ బాలికను బడిలో చేర్చవలెను. ఈ విషయమున మాకు సందేహము లేదు, మొగమాటమును లేదు.

గృహిణిని గూర్చి కూడ చెప్పవలసియున్నది. చోటు నిర్ణయించునది భర్త, రోజులు లెక్కించునది భర్త, ఆవకాయ జాడీ మొదలు జ్వరపు మందు వరకు మూటకట్టునది భార్య. దీవిలో దిగిన పిదప వంటగది గల బస తీసికొన్నచో చౌక యని, అక్కడను అన్నము వార్చునది ఆమెయే. వారము దినములు వంటిల్లు మార్చి వంట చేసివచ్చినదానికి యాత్రయని పేరు. మారిషస్‌లో మన నోటికి సరిపడు భోజనము దొరకుట కష్టము కాదు. భారతసంతతివారే అక్కడ అధికసంఖ్యాకులు. ఏ దినము ఏమి చూడవలెనో నిర్ణయించు కాగితము ఇంటి యిల్లాలి చేతితో వ్రాయబడనిండు.

పద్ధతులు త్వరగా ముగింతుము. పసిబిడ్డకైనను వేరు పాస్‌పోర్టు కావలెను, పిల్లలదానికి గడువు అయిదేండ్లే. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది గావున ఋతువులు తలక్రిందులు. నవంబరు మొదలు ఏప్రిల్ వరకు తుపానుల కాలము, మన మే మాసపు ఎండలకు అక్కడ చలికాలపు తొలి చల్లదనము. కావున మన వేసవి సెలవులు చక్కగా సరిపోవును. విశాఖ నుండి పోవువారు ముంబయి వంటి నగరమున విమానము మారవలెను. గడియారము గంటన్నర వెనుకకు త్రిప్పుకొనవలెను. పైకము మాత్రము కూడబెట్టినదే కావలెను. అప్పుచేసి పప్పుకూడు తినరాదని చెప్పిన పెద్దలు వాయిదాల మీద విహారయాత్రలు అమ్ము కాలమును చూడలేదు. చూచినచో వారు సామెతను మరింత కఠినముగా కట్టియుందురు. ఒప్పందపు కూలీ కథ అప్పుతోనే మొదలైనదని మరువరాదు.

చూడవలసినవి చాల కలవు. పోర్ట్ లూయీ మ్యూజియములో డోడో పక్షి ఎముకలు. డచ్చివారు 1598లో దిగిన నూరేండ్లలోపల ఆ జాతి భూమిపై లేకుండ పోయినది. చిన్నపిల్లలు దానినే ఎక్కువ జ్ఞప్తి యుంచుకొందురు. నైరుతిమూలన లె మోర్న్ కొండ, పారిపోయిన బానిసలు దాగిన చోటు; విడుదల వార్త చెప్పవచ్చిన రక్షకభటులను పట్టుకొనవచ్చిన వారని భ్రమించి కొందరు శిఖరము నుండి దుమికిరని అక్కడివారు చెప్పుదురు. కోరంగివారి కథ చెప్పి ఆఫ్రికావారి కథ విడిచినచో మనము చెప్పినది సగమే. పాత చక్కెర మిల్లులో పెట్టిన మ్యూజియము బో ప్లాన్‌లో నున్నది, చెఱకు సీమ పిల్లలు అక్కడ గైడును ప్రశ్నలతో వేధించగలరు. రేవున నున్నది ఆప్రవాసీ ఘాట్. 1849లో మొదలైన కూలీల మజిలీ అది. 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. ఓడ దిగినవారు ఎక్కిన పదునారు రాతిమెట్లు అక్కడ నేటికిని కలవు. 1901లో గాంధీ దక్షిణాఫ్రికా నుండి కస్తూరిబాయితోను బిడ్డలతోను తిరిగివచ్చుచు ఆ దీవిలో మూడు వారముల దాపున ఉండెను. బిడ్డలను చదివింపుడని అక్కడి భారతీయులకు చెప్పెను. తరువాత 1907లో మణిలాల్ డాక్టరను న్యాయవాది వచ్చి కూలీల వ్యాజ్యములు పట్టెను.

అక్కడి తెలుగువారిని కలియునపుడు మనవారు చేయు పొరపాటు ఒకటి యున్నది. మీకు తెలుగు వచ్చునా యని పరీక్షింతురు. వారి ఇంటి భాష క్రెయోలు. అయినను తెలుగు అక్కడి బడులలో చెప్పబడుచున్నది, ఉగాది ప్రభుత్వపు సెలవు దినము, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగినవి. ఇంగ్లీషు బడికి పంపి ఇంటను తెలుగు చదువ నేర్పని మనము, ఏడు తరములు సముద్రమునకు ఆవల నిలిచి రామభజన పాడుచున్నవారిని పరీక్షించుట విడ్డూరము. వారు నేటికిని సింహాద్రి అప్పడికి పూజ చేయుదురు, అమ్మోరు పండుగ చేయుదురు. ఆ అప్పడు మన సింహాచలపు అప్పన్నయే యని పిల్లలు తమంతట కనుగొననిండు. ముందుగా చెప్పివేసినచో ఆ ఆశ్చర్యము వారికి దక్కదు.

సమయము మిగిలినచో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థకు పోవలెను. కూలీల దస్తావేజులు అక్కడ భద్రపరచియున్నారు. ఒక్కొక్కని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, ఒంటిమీది మచ్చ, జిల్లా, గ్రామము. 1860ల తరువాత వచ్చినవారిలో అనేకుల ఛాయాచిత్రములును ఉన్నవి. వ్రాసినవారు తెలుగు రాని గుమాస్తాలు, వారి చెవికి తోచినట్లు ఇంగ్లీషున వ్రాసిరి. అందుచేత ఊరి పేర్లు గుర్తుపట్టరాకుండ వంకరలు తిరిగినవి. తమ పూర్వుని గ్రామము ఏదియో తెలియగోరి మారిషస్‌వారు ఆ వంకర అక్షరములను పట్టుకొని మన దేశమునకు వచ్చుచుందురు. తెలియని గుమాస్తా చెవికి చీడికాడ యెట్లు వినబడియుండును, మాడుగుల యెట్లు, చోడవరము ఎట్లు? తెలుగు చెవి గల పిల్లలు బిగ్గరగా చదివినచో, పెద్దలకు అందని ఊరి పేరు వారికి అందవచ్చును.